యాత్రికవాక్యప్రామాణ్యము: శాంథోము దేవళమును గండికోట గుడియును

దేశచరిత్రము వ్రాయువారు శాసనములకుఁ దరువాత యాత్రికుల వ్రాఁతలనే ప్రమాణముగాఁ గైకొనుచుందురు. శాసనము తన కాలమును దాఁచికొనదు. తన్ను వ్రాయించినవాని పేరును దాఁచికొనదు. యాత్రికుని వ్రాఁత యట్టిది కాదు. అందుఁ గంటఁ గన్నది, చెవిని విన్నది, మనసునకుఁ దోఁచినది యను మూఁడును నొక్కచోటఁ గలసియుండును. వీనిని వేఱుపఱుపక యంతయు నొక్క తీరున నమ్మినయెడల వదంతి చరిత్రమై పాఠశాలల కెక్కును. అంతయు ననృతమని త్రోసివేసినయెడల మఱియొకచోట దొరకని సాక్ష్యము నశించును. ఈ చిక్కును విప్పుటకుఁ దగిన యుదాహరణ మొకటి కడపసీమ కథతోఁ బెనవేసికొని యున్నది.

జాఁ బప్తిస్తు తావెర్నియే యను పరాసు రత్నవర్తకుఁడు 1652 వ సంవత్సరమున మచిలీబందరునుండి బయలుదేఱి చెన్నపట్టణము మీఁదుగా గండికోటకు వచ్చెను. గోలకొండ సుల్తానునకు రత్నములను ముత్యములను విక్రయించుట యతని కోరిక. అపురూపమైన సరకేదియైనను ముందుగా మంత్రియైన మీర్ జుమ్లా చూడవలయునని యచ్చటి కట్టడి. మీర్ జుమ్లా యప్పుడు కర్ణాటకదుర్గములను జయించి గండికోటలో విడిసియుండెను. అందుచేత వర్తకుఁ డంతదూరము రావలసివచ్చెను. ఈ ప్రయాణమును వర్ణించు నొక్క ప్రకరణములోనే యతఁడు రెండు పుణ్యస్థలములను బేర్కొనెను. ఒకటి తోమాపోస్తలుని పేరఁ బరగు శాంథోమునందలి క్రైస్తవదేవాలయములు. రెండవది గండికోటలోని హిందూదేవాలయము. మొదటిచోట నొక యీటె, రెండవచోట నాఱు విగ్రహములు కథావస్తువులు. ఈ రెండింటిని ఒక్క కొలతతోఁ గొలిచి చూచుట యీ వ్యాసమునకు విషయము.

ముందుగాఁ బదవిచారము చేయవలయును. రోమను కథోలికుల మతమున నెంత గొప్ప కట్టడమైనను దానంతట నది ప్రధానదేవాలయము కాఁజాలదు. మేత్రాణులు, అనఁగా బిషప్పు, అధివసించు పీఠ మెందుఁ గలదో యదియే కతీడ్రలు. గ్రీకుభాషలో ‘కథెద్రా’ యనఁగా నాసనము. అందలి ‘హెద్రా’ యను భాగమునకును సంస్కృతమునందలి ‘సద్’ ధాతువునకును మూల మొక్కటియే యని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. తెలుఁగు కథోలికులు మేత్రాణుల యధికారసీమను ‘మేత్రాసనము’ అని వ్యవహరింతురు. ఇందుఁ బూర్వపద మన్యదేశ్యము, ఉత్తరపదము తత్సమమైన ‘ఆసనము’. లక్షణజ్ఞులు మిశ్రసమాసమని దీనిని బరిహసింతురుగాక. అర్థమున మాత్ర మిది మూలపదమును జక్కఁగా ననుసరించుచున్నది. పుష్పగిరిపీఠ మనఁగాఁ గడపసీమవారు గోడలను గాక గురుపరంపరను దలఁచుచున్నట్లే, ఇచ్చటను ఆసనమే ముఖ్యము, గోపురము గాదు. ఇడుపులపాయ, వేంపల్లె, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మున్నగు తావులు గల కడపజిల్లాకుఁ గడపపట్టణము పీఠముగా 1976 లో మేత్రాసన మేర్పడినది. మయిలాపురమునకు అట్టి గౌరవము 1606 లోనే కలిగెను. ‘శాంథోము’ అను పేరు బుడతకీచుల ‘సావుఁ తొమె’ యను మాటకు వికృతి. ‘సావుఁ’ అనఁగాఁ బునీతుఁడని యర్థము. కావునఁ గొందఱు ‘సెయింటు శాంథోము’ అని వ్రాయుట పునరుక్తిదోషము.

ఇఁక ప్రమాణవిచారము. సంస్కృతమున భూతకాలమునకు లకారములు మూఁడు. అందు లిట్టు పరోక్షభూతమునకు విహితము. అనఁగా వక్త తన కంటఁ జూడని పూర్వవృత్తాంతమును జెప్పునపు డా రూపము సాధువు. తాను జేసిన పనియే తనకుఁ బరోక్ష మెట్లగునని శంకించి, నిద్రించినవాఁడును మత్తిల్లినవాఁడును దన చేఁతను దా నెఱుఁగఁడు గనుక నుత్తమపురుషమందును లిట్టు కలుగవచ్చునని వైయాకరణులు సమాధానము చెప్పిరి. చూచినదానికిని జూడనిదానికిని గల భేదమునందు వారి కెంత శ్రద్ధయో దీనిచేఁ దెలియుచున్నది. తెలుఁగు క్రియ కీ భేదము లేదు. ఆ లోటును దీర్చునది ‘అఁట’ యను నవ్యయము. ‘వాన కురిసెను’ అనఁగా వక్త సాక్షి. ‘వాన కురిసెనఁట’ యనఁగా వక్త వార్తాహరుఁడు మాత్రమే. పరాసుభాషలోను లిట్టు వంటి రూపము లేదు. అందు ‘అందురు’, ‘నమ్ముదురు’ అను నర్థము గల మాటలను జేర్చి చెప్పుదురు. యాత్రికుని వ్రాఁతలో నీ మాట యెచ్చట నున్నది, యెచ్చట లేదు, ఉండవలసినచోట లేకుండుటకుఁ గారణమేమి యని వెదకుటయే విమర్శకుని మొదటి పని.

చెన్నపట్టణమునఁ దావెర్నియే కపూచినుసన్న్యాసుల మఠమున దిగెను. అప్పు డచ్చట నెవేరు ఎఫ్రాయీము, బోజే జెనోను అను నిరువురు గురువు లుండిరి. శాంథోమునకుఁ బోయి యగస్తీనుసభవారి దేవాలయమును, యేసుసభవారి దేవాలయమును జూచెను. మొదటిదానియం దొక యినుప యీటె యున్నదనియు, దానితోఁ దోమాపోస్తలుఁడు వధింపఁబడెనని నమ్ముదురనియు వ్రాసెను. ఈ వాక్యమును రెండుగాఁ జీల్చి చూడవలయును. ఈటె యున్నదనుట ప్రత్యక్షము. దానితో వధ జరిగెననుట యితరుల నమ్మిక; ఆ సంగతిని యాత్రికుఁడే స్పష్టముగాఁ జెప్పెను. ఇందు ‘అఁట’ తన చోటఁ దా నున్నది. తావెర్నియే ప్రొటెస్టంటు మతస్థుఁడు. పునీతుల యవశేషములయం దామతమువారికి నమ్మిక తక్కువ. అతనికిఁ గథోలికుల గుడియుఁ బరాయిగుడియే. కావున నతని జాగ్రత్తకు మతమే కారణమని యెవరైన ననవచ్చును. కారణ మేదైనను వాక్యము మాత్రము దోషరహితము.

ఆ యీటెకథయు నొక్కటే కాదు. అంతకు మూఁడువందల యేఁబదియేండ్లకుఁ బైగాఁ బూర్వము, పదుమూఁడవ శతాబ్దిచివర నీ తీరమునకు వచ్చిన వెనీసు యాత్రికుఁడు మార్కోపోలో తోమాసమాధినిగూర్చి వేఱొకకథ చెప్పెను. ఆ మహాత్ముఁడు తన కుటీరముకడ నెమళ్ళనడుమఁ బ్రార్థించుచుండఁగా, నెమలిని వేటాడుచున్న యొకఁడు విడిచిన బాణము పొరపాటున నతనికిఁ దగిలెనని దాని సారాంశము. ఆ సమాధికడకుఁ గ్రైస్తవులేగాక మహమ్మదీయులును యాత్ర వచ్చుచుండిరనియు, అచ్చటి యెఱ్ఱమన్నును గొనిపోయి జ్వరపీడితులకు మందుగా నిచ్చుచుండిరనియు నతఁడు వ్రాసెను. ఒకరికి బాణము, ఒకరికి నీటె. ఒకరికిఁ బొరపాటు, ఒకరికి వధ. రెండును నొక్క మరణమునకుఁ గారణములు కాఁజాలవు. సుర్యానిభాషలోఁ బుట్టిన తోమాచరిత్రములో రాజాజ్ఞచే భటులు బల్లెములతోఁ బొడిచిరని యున్నది. కావున నీటెకథ గ్రంథపరంపరకును, బాణకథ స్థలపరంపరకును జెందినవని తోఁచుచున్నది. ‘మయిల్’ అనఁగా నఱవమున నెమలి. మయిలాపుర మను పేరే యా స్థలపురాణమునకు నెమళ్ళ నిచ్చియుండును. పేరునుబట్టి కథ పుట్టుట మన స్థలమాహాత్మ్యములం దెల్లఁ గానవచ్చునదే గనుక నీ యూహ దూరాన్వయము గాదు. అయినను ఇది యనుమానమేగాని ప్రత్యక్షము గాదు.

మార్కోపోలో వినికిడి యెంత నమ్మఁదగినదో పరీక్షించుటకుఁ దెలుఁగువారికడ నొక యొఱఁగల్లున్నది. తోమాసమాధిని వర్ణించినవెంటనే యతఁడు ముత్ఫిలిరాజ్యమును వర్ణించెను. అది మోటుపల్లి రేవుపేర వ్యవహరింపఁబడిన కాకతీయరాజ్యమని చరిత్రకారుల నిర్ణయము. సాలెపట్టువంటి సన్నని బట్టలు, వజ్రములు, న్యాయముగాఁ బాలించు రాణి యను నాతని మాటలు సత్యదూరములు గావు. అయితే యా రాణి గతించిన రాజునకు భార్య యని వ్రాసెను. రుద్రమదేవి గణపతిదేవుని కూఁతురని శాసనములు చెప్పుచున్నవి. రేవులో వర్తకులు చెప్పినదానిలో సరకులమాట నిక్కువము, చుట్టఱికపుమాట తప్పు. వర్తకుఁడు తన వృత్తికిఁ జెందినదానిని జక్కఁగా వినును, తక్కినదానిని బరాకుగా వినునని దీనినుండి గ్రహింపవచ్చును. మఱియు నా గ్రంథమును మార్కోపోలో తన చేత వ్రాయలేదు. 1298 లో జెనోవా చెఱసాలలో నుండఁగా రుస్తికెల్లో యను కథకుఁడు వ్రాసెను. తావెర్నియే గ్రంథమును నట్టిదే. ప్రయాణము 1652 లో, ముద్రణము 1676 లో, నడుమ నిరువదినాలుగేండ్లు. దానిని గ్రంథరూపమునకుఁ దెచ్చుటకు శామ్యుయేలు షాపుజో యను లేఖకుఁడు తోడ్పడెను. 1889 లో వలెంటైను బాలు చేసిన యాంగ్లానువాదమును, 1925 లో విలియం క్రూకు చేసిన దాని పునఃపరిష్కరణమును నేఁడు వాడుకలో నున్నవి. ఇట్లు కన్నువానికిని జదువువానికిని నడుమ ముగ్గురు నలుగురు చేతులు గలవు.

ఇఁక గండికోట. పెన్న యెఱ్ఱమలలను జీల్చుకొని పోవు లోతైన లోయ యంచున నున్నందున దాని కాపేరు. గండి యనఁగాఁ దెగినచోటు. అదే జిల్లాలో నిడుపులపాయకుఁ జేరువఁ బాపఘ్ని కొండలఁ జీల్చి వెడలుచోటును గండియనియే పిలువఁబడుచు నాంజనేయక్షేత్రమై యున్నది. పేరొక్కటియైనను నదులు వేఱు, స్థలములు వేఱు; చదువరులు భ్రమింపకుందురుగాక. గండికోటను బెమ్మసానివారు పాలించుచుండఁగా మీర్ జుమ్లా పట్టుకొనెను. అచ్చటఁ దావెర్నియే చూచినవానిలోఁ బ్రసిద్ధమైనది మీర్ జుమ్లా కొలువు. మంత్రి నేలపైఁ గూర్చుండి, వచ్చిన జాబులను గాలివ్రేళ్ళసందులను నెడమచేతివ్రేళ్ళసందులను నుంచుకొని, యొక్కొక్కదానిని దీసి వ్రాయసగాండ్రకుఁ బ్రత్యుత్తరములు చెప్పుచుండెనని యతఁడు వర్ణించెను. ఇట్టి వివరము వినికిడిచే రాదు. కన్నుల యెదుట జరుగనిది యీ తీరున వ్రాఁతకెక్కదు. ఇది ప్రత్యక్షమునకు లక్ష్యము.

విగ్రహములకథ యిట్లున్నది. మీర్ జుమ్లా యిరువది ఫిరంగులను బోఁతపోయింపఁదలఁచి, గుళ్ళలోని రాగివిగ్రహములను దెప్పించి, బూర్జు పట్టణస్థుఁడైన క్లోదు మెయ్యే యను పరాసు ఫిరంగివాని కప్పగించెను. తక్కిన విగ్రహము లెల్లఁ గరఁగెను. గండికోటగుడిలోని యాఱు పెద్దవిగ్రహములు మాత్ర మెంత వ్యయము చేసినను గరఁగలేదు. అర్చకులు మంత్రప్రయోగము చేసిరని నవాబు వారిని బెదరించెను. తుదకు మెయ్యే యొక్క ఫిరంగినే పోఁతపోయఁగలిగెను. అదియుఁ బరీక్షించునపుడు పగిలెను. అంతట నతఁడు పని మాని, కొలఁదికాలమునకే కొలువు విడిచెను. ఈ కథలో ‘అఁట’ లేదు. అంతయు సాక్షివాక్యమువలె నున్నది.

ఇది సాక్షివాక్యమేనా? కాదని యా వాక్యమే చెప్పుచున్నది. తావెర్నియే గండికోటలో నుండినది కొన్నిదినములు మాత్రమే. విగ్రహములను గూర్చుట, కరఁగించుట, తప్పుట, మరల యత్నించుట, ఫిరంగి పగులుట, పనివాఁడు కొలువు విడుచుట యను నిన్ని పనులు కొన్నిదినములలో ముగియునవి గావు. యాత్రికుఁడు వెడలినపిదప జరిగిన భాగము గూడఁ గథలో నున్నది. కావునఁ గొంతయైన నితరుల నోటివెంట వచ్చినదే. ఆ యితరు లెవరు? ఆ పని లోఁతు నెఱిఁగి పరాసుభాషలోఁ జెప్పఁగలవాఁడు ముఖ్యముగా మెయ్యేయే. అతఁడుగాని యతని తోడివారుగాని చెప్పిరనుట సహజమైన యూహ. అట్లయిన నీ కథకు మూలసాక్షి, పని చెడఁగొట్టుకొన్న పనివాఁడు. కొలిమి చాలలేదనుటకంటె విగ్రహములు కరఁగవనుట యతనికి మేలు. లోహపుఁబాళ్ళు తెలియలేదనుటకంటె నర్చకుల మంత్రమనుట యింకను మేలు. గుల్లగాఁ బోసిన చిన్నవిగ్రహము త్వరగాఁ గరఁగును. దిటవుగాఁ బోసిన పెద్దవిగ్రహమునకు హెచ్చువేఁడియు హెచ్చుకాలమును గావలయును. స్వచ్ఛమైన రాగి కరఁగుటకు 1085 సెంటిగ్రేడు డిగ్రీల వేఁడి కావలయును. పోసిన యొక్క ఫిరంగియుఁ బగిలెనను మాట కొలిమియందో కూర్పునందో లోపమున్నదని సూచించుచున్నది. అపకీర్తిని గప్పిపుచ్చఁజూచిన కథ యా యొక్కమాటచేఁ దన్నుఁదానే బయటఁబెట్టుకొన్నట్లున్నది.

ఇచ్చట రెండు పూర్వపక్షములు లేచును. మొదటిది: శాంథోము నీటె పాదిరుల కల్పన, గండికోట విగ్రహములు కరఁగకపోవుట దేవతామహిమ, పరదేశియే సాక్షి గనుక సందేహము లేదు అని. రెండవది: విగ్రహములకథ పుక్కిటిపురాణము, ఈటె మాత్రము గ్రంథపరంపర గలది గనుకఁ జరిత్రము అని. వక్తల మతమును మార్చి చూచిన రెండును నొక్కటియే వాదము. తన గుడికి ‘అఁట’ను దీసివేసి పెఱవారి గుడికి ‘అఁట’ను దగిలించుట రెండింటను సమానము. పరదేశి సాక్షి యన్న హేతువు నిలువదు. పరదేశి తాను జూచినదానికే సాక్షి, విన్నదానికిఁ గాఁడు. గ్రంథపరంపర యున్నదనుటయు నిలువదు. పరంపర నమ్మిక యెంత ప్రాఁతదో చెప్పునుగాని యది జరిగెనో లేదో చెప్పదు.

సిద్ధాంత మిది. 1652 లో శాంథోమున నొక యీటె చూపఁబడుచుండెననుట సిద్ధము. దానినిఁ దోమావధకు సాధనమని యప్పటివారు నమ్ముచుండిరనుట సిద్ధము. వధ సిద్ధము గాదు. గండికోటగుడిలోఁ బెద్దవైన రాగివిగ్రహము లుండెననుటయు, వానిని ఫిరంగులకై కొలిమికిఁ బంపిరనుటయు, ఆ పని చెడెననుటయు బలమైన సాక్ష్యము గలవి. కరఁగకుండుటకు మంత్రము కారణమనుట సిద్ధము గాదు. ఇందు విశ్వాసమునకు హాని లేదు. భక్తుఁడు నమ్మునది భక్తుని సొత్తు. విమర్శకుఁడు తీర్పు చెప్పునది వాక్యమునుగూర్చి మాత్రమే.

ఈ సిద్ధాంతమువలనఁ గలుగు లాభ మొకటి గలదు. మహిమ నిజమా కాదా యను కలహమున మునిఁగి, విగ్రహము లేమయ్యెనను ప్రశ్నను జదువరులు మఱచుచున్నారు. గండికోటలో నేఁడు మాధవరాయగుడి రాతిపని నిలిచియున్నది. గర్భగృహమున మూర్తి లేదు. ఆ ఖాళీపీఠము నెదుట నిలుచు యాత్రికునకుఁ దావెర్నియే వాక్యము తక్క మఱియొక సమకాలికసాక్ష్యము దొరకుట యరిది. అతఁడు చెప్పిన గుడి మాధవరాయనిదో రంగనాథునిదో యతని మాటలనుబట్టి నిర్ణయింపరాదు. అద్భుతమును బక్కనుంచినపుడే యా వాక్యము నష్టపత్రికగాఁ గానవచ్చును: ఆఱు మూర్తులు, వాని యునికి, వానిపై జరిగిన దౌర్జన్యము.

శాంథోమునకును నట్టి జాగ్రత్తయే కావలయును. నేఁడు సముద్రతీరమున నూటయేఁబదియడుగులకుఁ బైఁబడిన శిఖరముతోఁ గానవచ్చు తెల్లని దేవాలయము తావెర్నియే చూచినది గాదు, బుడతకీచులు 1523 ప్రాంతమునఁ గట్టినదియుఁ గాదు. అది 1893 మొదలు 1896 వఱకు గోథిక్కురీతిని గ్రొత్తగాఁ గట్టఁబడి, 1956 లో బసిలికాగౌరవమును బొందెను. తావెర్నియే యీటెను అగస్తీనుసభవారి దేవాలయమునఁ జెప్పఁగా, నేఁ డీటెమొన ప్రధానదేవాలయమునఁ జూపఁబడుచున్నది. నడుమఁ బట్టణమునకు ముట్టడులు వచ్చినవి. 1672 లోఁ బరాసులు దానిని బట్టుకొనఁగా, గోలకొండవారును వలందులును ముట్టడించి 1674 లో విడిపించిరి. వస్తువు చోటు మాఱుటకుఁ గారణములు లేకపోలేదు. నేఁటి శిఖరమును జూచి, ‘తావెర్నియే వర్ణించిన దేవాలయ మిదే’ యని వ్రాయువాఁడు మాత్రము ప్రత్యక్షమును గూడ దుర్వినియోగము చేసినవాఁ డగును.

పాఠశాలపండితులకుఁ జెప్పవలసిన దొకటి మిగిలియున్నది. యాత్రాగ్రంథములను దెలిఁగించునపుడు ‘అందురు’, ‘నమ్ముదురు’, ‘చెప్పఁగా వింటిమి’ అను మాటలను వాక్యసౌలభ్యమునకై విడుచుట కొందఱి యలవాటు. విద్యార్థి చేతికి వచ్చునప్పటికి ‘ఈ యీటెతోఁ దోమా వధింపఁబడెను’ అని మిగులును. ఒక్క యవ్యయము రాలిపోవుటచే వార్తాహరుఁడు సాక్షి యగుచున్నాఁడు. మూలమున నున్న ‘అఁట’ను విడువరాదు, మూలమున లేనిచోఁ దెలిఁగించువాఁడు దానిని దెచ్చి చేర్చనురాదు, అది యుండవలసినచోటని వ్యాఖ్యలోఁ జెప్పవలయును. గండికోటకుఁ బిల్లలను గొనిపోవు గురువులు తావెర్నియేను జదివింతురుగాక. జాబులను గాలివ్రేళ్ళసందున నుంచుకొన్న మంత్రిని, కొలిమియొద్దకుఁ బోయిన విగ్రహములను బక్కపక్కనే చదివించి, వీనిలో నేది కన్నది, యేది విన్నదని పిల్లలనే యడిగినయెడల, లకారార్థము పుస్తకమున వల్లించుటకంటె నెక్కువగా వారికిఁ బట్టువడును. మయిలాపురమునకుఁ బోయినపుడును నా ప్రశ్ననే యడుగవలయును. పండితులు విచారింతురుగాక.